తూర్పు మొగం, సాయంత్రం నాలుగు

మంగళవారం పొద్దున పదిన్నరకు పులివెందుల నుంచి ఒక ఫోటో ప్రొద్దుటూరికి తిరిగొచ్చింది. రెండడుగుల ఎత్తు, టేకు ఫ్రేము. గాజు పగలకుండా చీనీకాయల, అంటే బత్తాయిల, గోతంలో చుట్టి పురికొసతో కట్టారు. తెచ్చింది ఆదినారాయణ. వేముల దారిలో పదహారెకరాల చీనీ తోట ఉన్న మనిషి, ఎవరి చేతనైనా పంపగలిగినవాడు, తానే మోసుకొచ్చాడంటే మాట్లాడే పని ఉందన్నమాట. స్టూడియో మెట్లెక్కి, గోతం విప్పి, ఫోటోను కౌంటరు మీద నిలబెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"ఏమప్పా షంషుద్దీనూ, మా యమ్మ కండ్లు యాడ పెట్టినావు?"

షంషుద్దీన్ ఆ స్టూడియో పెట్టి ముప్పై నాలుగేళ్లయింది. ఫ్రేము వంకరపోయిందన్నవాళ్లను, రంగు తగ్గిందన్నవాళ్లను, పెళ్లికొడుకు మేనమామ ఆల్బంలో లేడన్నవాళ్లను చూశాడు. ఈ ఫిర్యాదు కొత్తది. కళ్లజోడు సర్దుకుని ఫోటోలోకి వంగాడు. ఆదినారాయణ తల్లి గురవమ్మ, ఎనభై ఏళ్ల మనిషి, పట్టుచీరలో, రెండు పేటల గొలుసుతో నిండుగా కూర్చుని ఉంది. రెండు కళ్లూ విప్పార్చి చూస్తోంది.

"ఈడనే ఉండాయి గదప్పా. బాగా తెరుచుకోని ఉండాయి."

"తెరుచుకోనే ఉండాయి. మా యమ్మవి కావు."

"మరి ఎవురివి?"

"ఓబుళమ్మవి."

వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న ఎస్తేరు చెయ్యి మౌసు మీద ఆగిపోయింది.

ఆదినారాయణ చెప్పుకుపోయాడు. ఓబుళమ్మ కుటుంబానికీ వీళ్లకూ ఒకప్పుడు పక్కపక్కన చేన్లు. ముప్పై ఏళ్ల కిందట వాళ్లు బోరు వేస్తే వీళ్ల బోరు ఎండింది. వీళ్లు ఇంకా లోతుకు వేస్తే వాళ్లది ఎండింది. ఆ తర్వాత వాళ్లు చేను అమ్ముకుని వేములకు పోయారు. అప్పటి నుంచి రెండిళ్ల మధ్య మాటల్లేవు, చావులకూ పెళ్లిళ్లకూ రాకపోకల్లేవు.

"గోడకు మా నాయన ఫోటో పక్కన తగిలిచ్చినాము. మా యమ్మ మంచం మీద నుంచి అర నిమిషం చూసింది. 'తియ్యండ్రా దాన్ని' అనింది. 'ముప్పై ఏండ్లు ఎదురొస్తే నేను మొగం తిప్పుకున్న కండ్లు. ఇప్పుడు నా మొగంలోనే కూచోని నన్ను చూస్తాండాయి' అనింది."

షంషుద్దీన్ చేయి అడ్డం పెట్టుకుని దగ్గాడు.

"నవ్వుతాండావా?"

"లేదప్పా. దగ్గు."

"దగ్గితే పండ్లు కనపడవు."

షంషుద్దీన్ చేయి దించి, ఇంకో ఫోటో తీసిపెడతానని చెప్పాడు. ఆదినారాయణ తల అడ్డంగా ఊపాడు. ఇంకొక్కసారే కూర్చుంటానని గురవమ్మ చెప్పిందట. అప్పుడు కూడా సొంత కళ్లు రాకపోతే భర్త ఫోటో పక్కన మేకు మేకులాగే ఉండాలని, చచ్చిన తర్వాత కూడా ఎవరూ ఏదీ తగిలించకూడదని కొడుకుతో ఒట్టు వేయించుకుందట.

ఎస్తేరు బయటికొచ్చింది. "ఆ కండ్లు పెట్టింది నేనే సార్."

ఆదినారాయణ ఆమెను కిందా మీదా చూశాడు. "నువ్వా? ఓబుళమ్మ నీకెట్ల తెలుసు?"

"తెలీదు సార్. పెండ్లి ఫోటోలో ఉండె, తీసుకున్యా."

అది నిజం. ఎస్తేరుకు ముప్పై ఆరేళ్లు. జమ్మలమడుగు నుంచి రోజూ బస్సులో ప్రొద్దుటూరికి వస్తుంది. పద్నాలుగేళ్లుగా ఆ వెనక గదిలో ఆమె పని ఫోటోలు దిద్దడం. మచ్చలు తీసేయడం, బట్టతల మీద మెరుపు తగ్గించడం, చామనచాయను తెలుపు చేయడం, అన్నిటికంటే ఎక్కువగా మూసుకున్న కళ్లు తెరిపించడం. పెళ్లి గుంపు ఫోటోలో పాతికమంది ఉంటే ఇద్దరైనా రెప్ప వేస్తారు. మనిషివే వేరే ఫోటోలో తెరిచిన కళ్లు దొరికితే అవి అతికిస్తుంది. దొరక్కపోతే తన ఫోల్డర్‌లోంచి తీస్తుంది. ఆ ఫోల్డర్ పేరు కండ్లు. వయసు వారీగా, ఆడ మగ వారీగా అందులో రెండు వందల పద్నాలుగు జతలు ఉన్నాయి. ఎవరివో పేర్లు లేవు, నంబర్లు మాత్రమే. గురవమ్మకు పెట్టింది అరవై మూడో జత.

ఇన్నేళ్లలో ఎవరూ పోల్చుకోలేదు. మనుషులు తమ ఫోటోలో చీర చూసుకుంటారు, గొలుసు చూసుకుంటారు, లావుగా ఉన్నామా లేదా చూసుకుంటారు. కళ్లు తెరుచుకుని ఉంటే చాలనుకుంటారు. ఎవరి కళ్లని అడిగిన మొదటి మనిషి గురవమ్మ.

"నేను పోయి తీస్తానన్నా," అంది ఎస్తేరు, షంషుద్దీన్ వైపు తిరిగి.

షంషుద్దీన్ సమాధానం చెప్పేలోపే లైట్ల స్టాండు తుడుస్తున్న ఖాజా అందుకున్నాడు. బయటి ఫోటోలన్నీ అతనివే. "ఇన్నాళ్లూ కండ్లు పెట్టింది. ఇప్పుడు కండ్లు తీస్తాదంట. జాగ్రత్తప్పా, మీ యమ్మను."

ఆదినారాయణ నవ్వలేదు కాని కోపం మాత్రం ఒక మెట్టు దిగింది. షంషుద్దీన్ ఆలోచించాడు. పోయినసారి ఖాజా రెండు పెద్ద లైట్లు పెట్టి తీసుకొచ్చిన ఫోటోకే ఈ గతి పట్టింది. "పో," అన్నాడు. "శుక్రవారం. కానీ ఎస్తేరూ, అది గూడ గోతంలో తిరిగొస్తే మళ్ల నన్ను కెమెరా అడగొద్దు. వెనక గది, నువ్వు, నీ రెండు వందల జతలు."

"రెండు వందల పద్నాలుగు," అంది ఎస్తేరు.

కెమెరా ఆమెకు కొత్త కాదు. రెండేళ్ల కిందట ఖాజా కొత్తది కొనుక్కున్నప్పుడు అతని పాతది తీసుకుంది. భర్త ప్రేమ్ సాగర్ ముద్దనూరు దగ్గర థర్మల్ ప్లాంటులో ఎలక్ట్రీషియన్. ఫ్లాష్ కూడా తీసుకోకపోయావా అని అతనడిగితే, లైటు పెట్టి తీసిన ఫోటోలు తాను పద్నాలుగేళ్లుగా బాగుచేస్తున్నానని, ఇక వద్దని చెప్పింది.

ఆదివారాలు చర్చి అయిపోయాక నాయన పాల్ రాజును కూర్చోబెట్టి నేర్చుకుంది. పాల్ రాజు రిటైరైన బడిపంతులు. "ముప్పై ఏండ్లు పిల్లకాయల్ని కదలకుండా కూచోబెట్టినా," అనేవాడు. "ఆ పాపం ఇట్ల తీరుతాంది." మొదట్లో మిట్టమధ్యాహ్నం ఎండలో తీసింది. కనుబొమల నీడ పడి కళ్ల చోట రెండు గుంటలు వచ్చాయి, నాయన పదేళ్లు ముసలివాడయ్యాడు. చెట్టు కింద కూర్చోబెడితే ఆకుల సందుల్లోంచి ఎండ పడి మొహమంతా చిరుతపులి మచ్చలు. పెన్న ఇసుకలోకి తీసుకుపోతే ఇసుక మీది తెలుపు కిందనుంచి కొట్టి గడ్డం వెలిగింది, నుదురు చీకటైంది. "ఈ ఫోటో చూసి మీ యమ్మ గూడ నన్ను గుర్తుపట్టలా," అన్నాడు పాల్ రాజు.

ఒక ఆదివారం ఆరాధన ముగిసి జనం బయటికొస్తుంటే ఆమె చర్చి ఎదురుగా నిలబడి ఉంది. లోపలి మసకలోంచి వచ్చి, ఎండలోకి అడుగు పెట్టేముందు, చెప్పుల కోసం ప్రతివాళ్లూ గడప మీద ఒక్క క్షణం ఆగుతున్నారు. ఆ క్షణంలో ప్రతి మొహమూ తేటగా ఉంది. ముడత ముడతగానే ఉంది, కాని కళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఒక అడుగు ముందుకు వేయగానే అవే మొహాలు చిట్లాయి. ఆరోజు నాయనను గడప మీద నిలబెట్టి తీసిన ఫోటోను ఆమె దిద్దలేదు. దిద్దడానికి ఏమీ దొరకలేదు.

పాల్ రాజు ఫోటో చూసుకుని, "మన కడప జిల్లా పేరే గడప గదా పాపా," అన్నాడు. "ఊర్లన్నీ తిరిగి గడప కాడికే వచ్చినావు."

ఆదినారాయణ వెళ్లిపోయాక ఎస్తేరు వెనక గదిలో గురవమ్మ అసలు ఫోటో తెరిచింది. ఖాజా తీసినది, తాను కళ్లు మార్చకముందుది. కళ్లు మూసుకున్న ఫోటో అని నెల కిందట ఒక్క చూపులో తేల్చేసింది. ఇప్పుడు పెద్దది చేసింది, ఇంకా పెద్దది చేసింది. తెర నిండా ఒక్క కన్ను వచ్చేదాకా.

కన్ను మూసుకుని లేదు. రెండు రెప్పల మధ్య వెంట్రుక మందం సందు ఉంది. ఆ సందులో నల్లగుడ్డు, దాని మీద ఆవగింజలో సగం ఉన్న వెలుతురు చుక్క ఉంది. రెండో కన్నూ అంతే.

ఆ ఇంటి పాత ఆల్బంలు స్టూడియో హార్డ్ డిస్కులో ఉన్నాయి. కొడుకు షష్టిపూర్తివి, మనవరాలి ఓణీల ఫంక్షన్‌వి, కొత్త ఇంటి గృహప్రవేశానివి. గురవమ్మ ఒంటరిగా కూర్చున్నవి పదిహేడు. పదిహేడింటిలోనూ ఎండ సూటిగా మొహం మీద ఉంది, పదిహేడింటిలోనూ ఆ సందు ఉంది, ఆ చుక్క ఉంది. తెరిచి ఉన్న కళ్లను మూసుకున్నాయనుకుని మార్చిన చేతులు ఒక్కరివి కావు. తన చేతులే నాలుగుసార్లు మార్చాయి.

తర్వాత అరవై మూడో జత అసలు ఫోటో వెతికి తీసింది. వేముల వైపు ఒక పెళ్లి, ఓబుళమ్మ పందిట్లో కుర్చీ మీద కూర్చుని ఉంది. పైన తెల్ల గుడ్డ పందిరి, ముందు ఖాళీ వాకిలి. కళ్లు హాయిగా విప్పి చూస్తోంది. ఎస్తేరు ఫోల్డర్‌లోని మిగతా జతలు ఎక్కడెక్కడివో ఒక్కొక్కటే తిరగేసింది. పందిరి. వరండా. బస్సు కిటికీ. పందిరి. తలుపు దగ్గర. సాయంత్రం మిద్దె మీద. మిట్ట ఎండలో తీసిన జత ఒక్కటీ లేదు. మంచి కళ్లు దొరికే చోట్లన్నీ పద్నాలుగేళ్లుగా తన ఫోల్డర్‌లోనే ఉన్నాయి. తాను కళ్లు కత్తిరించుకుని, వాటి చుట్టూ ఉన్న వెలుతురును పారేసింది.

శుక్రవారం పొద్దున ఎనిమిదిన్నరకు పులివెందుల బస్టాండులో దిగింది. ఆదినారాయణ కూతురు సుమ స్కూటీ మీద వచ్చి తీసుకుపోయింది. డిగ్రీ చదివే పిల్ల, దారిపొడుగునా మాటలు. "మా జేజి రెండు దినాల నుంచి అద్దం ముందర కండ్లు పెద్దవి చేసుకోని చూసుకుంటాంది. ఎవురికీ చెప్పొద్దనింది. నీకు చెప్పినానని చెప్పొద్దక్కా."

ఇల్లు తూర్పు వాకిలి. ముందు నలభై అడుగుల దూరంలో ప్రహరీ గోడ, మధ్యలో కడప బండలు పరిచిన ఖాళీ స్థలం. ఆ బండల నడుమ, ఎదురెండలో, కుర్చీ వేసి దాని మీద శాలువా పరిచారు. చుట్టూ పదహారుమంది చుట్టాలు. తొమ్మిదింబావుకు మంచి టైమని ఆదినారాయణ చెప్పాడు. ఎస్తేరుకు కాఫీ పేపర్ గ్లాసులో వచ్చింది, తక్కినవాళ్లకు స్టీలు గ్లాసుల్లో. ఆమె అది గమనించింది, తాగింది, గ్లాసు పక్కన పెట్టి కెమెరా తీసింది.

"కుర్చీ వరండాలోకి మార్చుకుందాం సార్. ఉత్తరం మొగం పెడితే..."

చుట్టాల్లో కదలిక వచ్చింది. "ఉత్తరమా?" అన్నాడు ఆదినారాయణ. "మా ఇంట్లో పెద్దోళ్ల ఫోటో అంటే తూర్పు మొగమే. పొద్దున, మంచి టైములో, తూర్పు మొగం. మా నాయనదీ అంతే, మా తాతదీ అంతే."

పదిహేడు ఫోటోల సంగతి ఎస్తేరుకు అప్పుడు అర్థమైంది. పొద్దున తూర్పు మొగం అంటే సూర్యుడికి ఎదురుగా మొగం. ఆ ఇంట్లో ఎవరూ ఎవరినీ హింస పెట్టాలనుకోలేదు. మంచి దిక్కు, మంచి టైము, రెండూ కలిసి ఒక మనిషి కళ్లను నలభై ఏళ్లు మూసేశాయి.

ఎస్తేరు వాదించలేదు. గురవమ్మను తెచ్చి కూర్చోబెట్టారు. రెండు ఫోటోలు తీసింది. చేతిలో కెమెరాతో వెళ్లి, కుర్చీ పక్కన గొంతుక్కూర్చుని, తెర మీద కన్ను ఒక్కటే పెద్దది చేసి చూపింది.

"మూసుకున్యానా?" అంది గురవమ్మ.

"లేదవ్వా. లోపల చుక్క ఉండాది, చూడు."

గురవమ్మ తెర మీద వేలు పెట్టి చూసింది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "విన్యావా? మూసుకోలేదు మూసుకోలేదని నేను చెప్తాంటే ఒకరన్నా నమ్మినారా? ఎండలో కూచోబెట్టి, కండ్లు తెరువు కండ్లు తెరువని నా మీద అరుస్తిరి." మళ్లీ ఎస్తేరు వైపు. "ఇప్పుడేం జేద్దాం పాపా?"

"తూర్పు మొగమే పెడదామవ్వా. సూర్యుడు మాత్రం నీ ఎనక ఉండల్ల. సాయంత్రం నాలుగుకు తీస్తా."

ఆదినారాయణ ఒప్పుకోలేదు. "మంచి టైము పొద్దున గదా. సాయంత్రం ఏం తూర్పు?"

"తూర్పు యాడికి పోతాదిరా?" అంది గురవమ్మ. "సాయంత్రం గూడ ఆడనే ఉంటాది."

చుట్టాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆదినారాయణ చివరి ప్రయత్నంగా రాహుకాలం సంగతి ఎత్తాడు.

"శుక్రవారం రాహుకాలం పన్నెండుకే అయిపోతాది సార్," అంది ఎస్తేరు.

"చర్చికి పోయే మనిషివి, నీకెట్ల తెలుసు?"

"పెండ్లిండ్ల స్టూడియో సార్. మా గోడకుండే క్యాలెండర్ నేనే చింపుతా."

అలా ఏడు గంటలు దొరికాయి. ఎస్తేరు ఊరికే కూర్చోలేదు. రెండు గంటలకు ఇంటి నీడ బండల మీద ఎక్కడిదాకా వచ్చిందో అక్కడ ఒక చీనీకాయ పెట్టింది. రెండున్నరకు ఇంకొకటి, మూడింటికి ఇంకొకటి. కాయకూ కాయకూ మధ్య దూరం అడుగులతో కొలిచింది. నీడ పరుగు పెరుగుతోంది. నాలుగింటికి కుర్చీ పూర్తిగా నీడలో ఉంటుంది, ఎదురుగా ప్రహరీ గోడ మాత్రం ఎండలో ఉంటుంది. నాలుగూ ముప్పావుకు నీడ గోడ కూడా ఎక్కేస్తుంది. తనకున్నది ఆ ముప్పావుగంట.

గురవమ్మ వరండాలోంచి చూస్తోంది. "పండ్లతో ఏం ఆట పాపా అది?"

"నీడ యాడికి పోతాదో చూస్తాండానవ్వా."

"నన్నడిగితే చెప్పకపోతినా. మూడున్నరకు తులసికోట కాడికి వస్తాది, మాఘంలో."

మూడున్నరకు నీడ తులసికోట దగ్గరికే వచ్చింది.

ఒక చిక్కు మిగిలింది. ఎండ పడే ఆ గోడే గురవమ్మ మొహానికి దీపం. గోడకేమో చిలకపచ్చ రంగు. అలాగే తీస్తే పచ్చకామెర్ల మనిషిలా వస్తుంది. ఎస్తేరు సుమను పిలిచి, ఇంట్లో తెల్లగుడ్డలు ఏమున్నాయని అడిగింది. సుమ లోపలికి పోయి బీరువాలోంచి ఆదినారాయణ ఇస్త్రీ పంచలు పదకొండు తెచ్చింది. ఇద్దరూ గోడ పొడుగునా వాటిని పరిచి, పైన ఇటుకలు పెట్టారు. దారిన పోయే ఒకాయన స్కూటర్ ఆపి లోపలికి తొంగిచూశాడు.

"ఏమప్పా ఆదినారాయణా, చాకలి కొట్టు పెట్టినావా?"

"మా యమ్మకు కండ్లు తెప్పిస్తాండా," అన్నాడు ఆదినారాయణ. "నువ్వు పోప్పా."

నాలుగింటికి గురవమ్మ కూర్చుంది. గొలుసు తీసేస్తానంది, తీసేసింది. పట్టుచీర వద్దని పొద్దుటి నూలుచీరలోనే ఉండిపోయింది. ఇంటి నీడ మెత్తగా ఆమె మీద పడింది. పంచల మీది తెలుపు బండలు దాటి వచ్చి మొహం మీద వాలింది. ఎస్తేరు కెమెరాలోంచి చూసింది. కళ్లు తెరుచుకుని ఉన్నాయి. ఒక కన్ను పెద్దది, ఆపరేషన్ అయిన ఎడమది కాస్త చిన్నది.

కాని పదహారుమంది చుట్టాలూ ఫోన్లు పట్టుకుని గోడకూ గురవమ్మకూ మధ్య వరుసగా నిలబడ్డారు. మొహం మీది వెలుతురు చచ్చిపోయింది. పైగా ఎవరో "జేజీ, రెడీ" అన్నారు. ఆ మాట వినగానే గురవమ్మ పెదాలు బిగిశాయి, భుజాలు లేచాయి, కళ్లు దెబ్బకు ఎదురుచూస్తున్నట్టు చిట్లాయి. నలభై ఏళ్ల అలవాటు.

ఎస్తేరు కెమెరా దించింది. "సార్, అందరికీ కాఫీ పెట్టిచ్చండి. పెరట్లో."

"ఇప్పుడే గదా తాగింది."

"ఇంగోసారి సార్."

ఆదినారాయణ ఆమె మొహం చూసి, చుట్టాలను తోలుకుపోయాడు. సుమ ఒక్కతే మిగిలింది, గడ్డం కింది నీడ పోవడానికి తెల్ల థర్మోకోల్ అట్ట పట్టుకుని.

పన్నెండు ఫోటోలు తీసింది. పన్నెండింటిలోనూ కళ్లు తెరిచే ఉన్నాయి, మనిషి మాత్రం లేదు. తెరిచి ఉంచాలని తెరిచిన కళ్లు. వెనక గదిలో తాను అతికించే కళ్లకూ వీటికీ తేడా కనిపించలేదు. గడియారం నాలుగూ ఇరవై అయింది. నీడ పంచల అంచుకు తగలడానికి ఇంకో బారెడు ఉంది.

ఎస్తేరు కెమెరాను కంటి దగ్గర నుంచి తీసి, ఛాతీ మీద పెట్టుకుని అడిగింది. "అవ్వా, అవి ఓబుళమ్మ కండ్లని ఎట్ల గుర్తుపట్టినావు? నాకే తెలీదు అవి ఎవురివో."

"ఎట్లేంది?" గురవమ్మ ముందుకు వంగింది. "ఇద్దరం ఒకే నెలలో ఈ ఊరికి కాపరానికొస్తిమి. చెనిక్కాయ చేన్లో ఒకే సాలు పట్టి కలుపు తీస్తిమి, ఇరవై ఏండ్లు. ఆయమ్మకు నవ్వు నోట్లో రాదు. ఎడమ కంటి కొసన ఒక మడత ఉండాది, ఆడ వస్తాది. అత్త తిడుతాంటే తల వంచుకోనుండి ఆ మడతతో నవ్వేది. నేను నవ్వు ఆపుకోలేక తన్నులు తినేదాన్ని."

"మరి ముప్పై ఏండ్లు మొగం తిప్పుకున్యానంటివే."

"తిప్పుకున్యా," అంది గురవమ్మ. "తిప్పుకునే ముందర ఒకసారి చూస్తాం గదా పాపా."

అని ఎస్తేరు వైపు చూసింది. ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు, కొంచెం గర్వంగా, కొంచెం దొరికిపోయినట్టు. కెమెరా ఎప్పుడు కంటికి చేరిందో సుమ కూడా గమనించలేదు. మూడుసార్లు చిన్న చప్పుడైంది. గోడ మీద మొదటి పంచ కింది అంచు నీడలోకి పోయింది.

గురవమ్మ తెర మీద ఫోటో చూసింది. కళ్లజోడు తెప్పించుకుని మళ్లీ చూసింది.

"ఎడమది చిన్నదిగా ఉందే."

"ఆపరేషన్ అయిన కన్ను గదవ్వా. సరిచేయమంటావా?"

"దేంతో చేస్తావు? ఇంగ ఎవురి కన్నుండాది నీ కాడ?"

సుమ అట్ట కింద పడేసి నవ్వింది. గురవమ్మ కెమెరా తిరిగిచ్చింది. "అట్లనే ఉండనీ. నాది నాకు తెలుసు."

ఫోటో టేకు ఫ్రేములోనే, చీనీకాయల గోతంలోనే పులివెందులకు పోయింది. వారం గడిచింది, పది రోజులు గడిచాయి, తిరిగి రాలేదు. ఫోటో స్టూడియోల్లో మెచ్చుకోలు అంటే అదే. షంషుద్దీన్ గోడ మీది పలకలో, బయటి పనుల వరుసలో, ఖాజా పేరు కింద ఎస్తేరు పేరు రాశాడు. ఖాజా వచ్చి చదివి, "నా పేరు పైన ఉండాది, చూసుకో," అన్నాడు.

"పైనే ఉండనీ అన్నా," అంది ఎస్తేరు. "ఎండ నీ మీదే పడతాది."

పదమూడో రోజు పొద్దున స్టూడియో ఫోను మోగింది. ఎస్తేరే తీసింది. అవతల ఒక మగ గొంతు, వేముల నుంచి.

"పులివెందుల కాడ గురవమ్మ ఫోటో తీసిన ఆయమ్మ ఉండాదా?"

"నేనే."

"మా జేజిది గూడ తీయల్ల. ఓబుళమ్మ మా జేజి." గొంతు కాస్త తడబడింది. "ఆ ఫోటో ఎట్ల తీసినారో ఊరంతా చెప్పుకుంటాండారు. తూర్పు మొగం, సాయంత్రం నాలుగంట గదా. మా వాకిలి గూడ తూర్పే."

"పంచలు ఉండాయా?"

"పంచలా? ఆరుండాయి."

"ఇంగో ఐదు చూసి పెట్టండి."

"సరే. ఇంగొకటి." అతను పక్కకు తిరిగి ఎవరితోనో మాట్లాడి మళ్లీ వచ్చాడు. "మా జేజి అడగమంటాంది. ముందర మీరు తప్పు చేసిన ఫోటో ఉండాదంట గదా, గురవమ్మ మొగంలో మా జేజి కండ్లు. అదొక కాపీ తీసుకరమ్మంటాంది. చిన్న సైజు చాలంట."

ఎస్తేరు పలక దగ్గరికి పోయి సుద్దముక్క తీసుకుంది. తన పేరు కింద రాసింది: వేముల, శుక్రవారం, నాలుగు గంటలు, రెండు ఫోటోలు.